చప్పుడు ఎప్పుడు వస్తోంది?



పదేళ్లు పైబడిన కారు చప్పుడు మొదలుపెడితే మనలో చాలామంది షెడ్డుకెళ్లి చెప్పే మాట ఒకటే: "ముందు ఎడమ చక్రం దగ్గర ఏదో మోగుతోంది." మెకానిక్ ఆ చక్రం దగ్గరే కూర్చుంటాడు. అక్కడ పాతబడ్డట్టు కనిపించిన భాగమేదో విప్పి కొత్తది బిగిస్తాడు. బండి రోడ్డెక్కాక చప్పుడు మళ్లీ వస్తుంది. వచ్చే వారం దాని పక్క భాగం, పై నెల ఇంకొకటి. డబ్బు పోవడం ఒక నష్టమైతే, అసలు అరిగిన భాగం ఎవరి కంటా పడకుండా ఇంకా అరుగుతూ పోవడం అంతకన్నా పెద్ద నష్టం. తప్పు మనం వేసే మొదటి ప్రశ్నలోనే ఉందని నా అభిప్రాయం. చప్పుడు ఎక్కడ వస్తోందని అడిగే ముందు అది ఎప్పుడు వస్తోంది, ఏం చేస్తే పెరుగుతోంది, ఏం చేస్తే ఆగుతోంది అని అడగాలి. ఒకసారికి ఒక్క పరిస్థితినే మార్చి చూస్తూ పోతే, పానా పట్టకముందే అనుమానించాల్సిన భాగాలు రెండు మూడుకు తగ్గుతాయి. పాత కార్లలో చప్పుళ్లు ఎక్కువగా పుట్టేది చక్రాల బేరింగుల్లో, సస్పెన్షన్‌లో కాబట్టి ఈ మాటను వాటిమీదే పరీక్షించి చూద్దాం.

చోటు విషయంలో చెవి చెప్పే సాక్ష్యాన్ని ఎందుకు పూర్తిగా నమ్మలేమో ముందు చూడాలి. ఇవాళ్టి చిన్న కార్లకు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. రేకులన్నీ కలిపి వెల్డింగ్ చేసిన ఒకే నిర్మాణం ఇంజన్‌నూ, సీట్లనూ, మనల్నీ మోస్తుంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే, ఉక్కులో సుమారు 5,000 మీటర్లు పోతుంది. వెనక కుడి చక్రం దగ్గర పుట్టిన అదురు ఆ ఉక్కు వెంట పాకి, రేకు ఎక్కడ పలచగా, వదులుగా ఉంటే అక్కడ శబ్దంగా బయటపడుతుంది. అది డ్రైవరు కాళ్ల దగ్గర కావచ్చు, డ్యాష్‌బోర్డు కింద కావచ్చు. అందుకే ఒకే కారులో కూర్చున్న ఇద్దరు చెరో మూలను చూపిస్తారు, ఇద్దరూ తమకు వినిపించిందే చెబుతారు. అయితే శబ్దం ఎంత చుట్టు తిరిగి వచ్చినా అది పుట్టే సందర్భం మాత్రం మారదు. బ్రేకు తొక్కినప్పుడు మోగేది ఏ మూల నుంచి వినిపించినా బ్రేకు తొక్కినప్పుడే మోగుతుంది. వేగంతో పెరిగేది ఏ సీట్లో కూర్చుని విన్నా వేగంతోనే పెరుగుతుంది. మన చేతికి దొరికే గట్టి ఆధారం ఇదే.

చక్రం బేరింగు సంగతి చూడండి. లోపల ఒక ఉక్కు వలయం, బయట ఒక వలయం, రెంటి మధ్య గాడిలో దొర్లే గోళీలు, వాటిని ఎడంగా పట్టి ఉంచే కేజ్, గ్రీజు, ఆ గ్రీజును కాపాడే సీలు. చిన్న కారు చక్రం కిలోమీటరుకు దాదాపు 600 చుట్లు తిరుగుతుంది. అంటే లక్ష కిలోమీటర్లకు 6 కోట్ల చుట్లు. ప్రతి చుట్టులోనూ గోళీలు చాలా చిన్న చోట ఉక్కును నొక్కి వదులుతూ ఉంటాయి. కోట్లసార్లు అలా నలిగాక ఉపరితలానికి కాస్త కింద సన్నని పగులు పుట్టి, పైకి పాకి, చివరికి పెచ్చు లేస్తుంది. ఆ గుంట మీదుగా దొర్లిన ప్రతి గోళీ చిన్న దెబ్బ కొడుతుంది. ఆ దెబ్బలన్నీ కలిసి మనకు హోరుగా వినిపిస్తాయి. బేరింగు ఆయువు లెక్కకట్టడానికి ఇంజనీర్లు వాడే సూత్రం ఇక్కడ రెండు సంగతులు చెబుతుంది. గోళీల బేరింగు మీద బరువు రెట్టింపైతే ఆయువు ఎనిమిదో వంతుకు పడిపోతుందన్నది మొదటిది. కేటలాగులో రాసే ఆయువును నూటికి తొంభై బేరింగులు దాటుతాయి, మిగతా పది అంతకన్నా ముందే పోవచ్చు అన్నది రెండోది. ఆ తొంభైలోనూ చాలావరకు ఆ లెక్క దాటి ఎంతో కాలం తిరుగుతాయి. కాబట్టి మీటరు మీద లక్ష పడిందన్న ఒక్క కారణంతో బేరింగు పోయిందని తేల్చలేం, యాభై వేలే అయింది కదా అని నిశ్చింతగానూ ఉండలేం. దీనికి మన వానాకాలం తోడవుతుంది. తిరిగి తిరిగి వేడెక్కిన హబ్, అంటే బేరింగు కూర్చునే చక్రం నడిమి భాగం, ఒక్కసారిగా నీళ్లలోకి దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, పాతబడ్డ సీలు సందులోంచి నీటిని లోపలికి లాగుతుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ వీధులు మునిగినప్పుడు ఎన్నో కార్లు నీళ్లలో నిలిచాయి. అలా మునిగిన కారుకు ఇంజన్ ఆయిలు మార్చి, సీట్లు ఆరబెట్టి ఊరుకుంటే సరిపోదు. బేరింగులో చేరిన నీళ్లు గ్రీజును పాడుచేసి, ఉక్కుకు తుప్పు పట్టించి, కొన్ని నెలల తర్వాత హోరుగా బయటపడవచ్చు.

ఇప్పుడు ఈ హోరును రోడ్డు మీద ఎలా ప్రశ్నించాలో చూద్దాం. బేరింగు చక్రంతో తిరుగుతుంది, ఇంజన్‌తో కాదు. అందుకని వాహనాలు లేని తిన్నని రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల దగ్గర అదే వేగం నిలుపుతూ గేరు ఒకటి మార్చండి. ఇంజన్ చుట్లు మారినా హోరు మారకపోతే ఇంజన్‌ను పక్కన పెట్టవచ్చు. కాసేపు న్యూట్రల్‌లో వదిలినా హోరు అలాగే ఉండి, వేగం తగ్గేకొద్దీ సన్నగిల్లితే ఆ నమ్మకం మరింత గట్టిపడుతుంది. అయితే ఈ పరీక్షలో ఇంజన్‌ను మాత్రం ఆపకూడదు. బ్రేకుకూ స్టీరింగుకూ దాని సాయం కావాలి, తాళంచెవి వెనక్కి తిప్పితే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదమూ ఉంది. తర్వాతి ప్రశ్న మలుపులో అడగాలి. కారు ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రాల మీదికి ఒరుగుతుంది. అప్పుడు హోరు పెరిగి, కుడికి తిరిగితే తగ్గితే ముందుగా కుడి బేరింగును అనుమానించాలి. ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు. చాలా కార్ల బేరింగుల్లో గోళీలు రెండు వరసల్లో ఉంటాయి. మలుపులో పక్కకు తోసే బలం ఏ వరస మీద పడుతుందన్న దాన్నిబట్టి ఒక్కోసారి ఫలితం తిరగబడుతుంది. మూడో ప్రశ్న టైర్లను అడగాలి, ఎందుకంటే బేరింగు హోరుకూ అరిగిన టైరు హోరుకూ చాలా దగ్గర పోలిక ఉంది. గరుకు తారు మీంచి నున్నటి సిమెంటు రోడ్డు మీదికి వెళ్లగానే శబ్దం తీరు మారిపోతే అది టైరుదయ్యే అవకాశం ఎక్కువ. బేరింగుకు రోడ్డు నునుపుతో పెద్దగా పనిలేదు. ఇంకా తేలకపోతే ముందు, వెనక టైర్లను అదే పక్కన అటూ ఇటూ మార్చి చూడాలి. శబ్దం టైరుతో పాటు స్థానం మారితే బేరింగు నిర్దోషి. అంతటితో ఆగకూడదు. షాక్ అబ్జార్బర్ బలహీనపడితే టైరు రోడ్డును అంటిపెట్టుకోకుండా ఎగిరెగిరి పడుతూ మిట్టపల్లాలుగా అరుగుతుంది. ఆ టైరే హోరెత్తుతుంది. హోరు విన్నాం కదా అని బేరింగు మార్చినవారికి శబ్దం తగ్గదు. టైరు మార్చినవారికి తగ్గుతుంది గానీ, షాక్ అబ్జార్బర్ అలాగే ఉంటే కొత్త టైరూ అదే దారి పడుతుంది.

రోడ్డు మీద విన్న సూచనను జాకీ మీద సరిచూసుకోవాలి. నేల చదునుగా ఉండాలి, నేల మీదుండే చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టాలి, కారు బరువును జాకీ మీద వదలకుండా కింద స్టాండు నిలబెట్టాలి. ఒట్టి జాకీ మీద నిలిచిన కారు కిందికి తల కాదు కదా, చెయ్యి కూడా పోనివ్వకూడదు. వెనక చక్రం లేపితే, హ్యాండ్ బ్రేకు వదలాల్సి వస్తుంది కాబట్టి ముందు చక్రాలకు అడ్డు మరింత గట్టిగా ఉండాలి. లేపిన చక్రాన్ని ఒక చేత్తో మెల్లగా తిప్పుతూ, రెండో చేతి వేళ్లను స్ప్రింగు మీద ఆనించి ఉంచండి. బాగున్న బేరింగు అయితే వేళ్లకు ఏమీ తెలియదు. పెచ్చులేచినదైతే గింజల్లేని తిరగలి తిప్పినట్టు సన్నని గరగర స్ప్రింగులోంచి వేళ్లకు ఎక్కుతుంది. చెవికి అందని దశలో కూడా వేళ్లకు అందే ఆధారం ఇది. తర్వాత గడియారంలో 12, 6 అంకెలుండే చోట్ల టైరును రెండు చేతులా పట్టుకుని ఊపాలి. ఆట, అంటే వదులు కదలిక, కనిపిస్తే అది బేరింగుదో, కింది బాల్ జాయింటుదో వెంటనే తేలదు. అప్పుడు ఇంకొకరిని బ్రేకు గట్టిగా తొక్కి పట్టమని చెప్పి మళ్లీ ఊపండి. బ్రేకు పట్టుకోగానే డిస్కూ, కేలిపరూ కలిసి హబ్‌ను కదలకుండా బిగిస్తాయి, బేరింగులోని ఆట వాటి పట్టులో అణిగిపోతుంది. కాబట్టి ఆట మాయమైతే బేరింగు, మాయం కాకపోతే బాల్ జాయింటు లాంటి వేరే భాగం. 9, 3 అంకెల దగ్గర మాత్రమే ఆట ఉంటే స్టీరింగు టై రాడ్ చివర చూడాలి. ఒక్కటి గుర్తుంచుకోవాలి: బేరింగు మొదట శబ్దం చేస్తుంది, ఆట తర్వాతెప్పుడో వస్తుంది. ఊపితే కదల్లేదు కాబట్టి బేరింగు బాగుందనడానికి లేదు.

సస్పెన్షన్ చప్పుళ్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది, ఇక్కడ ప్రశ్నలు మాత్రం వేరు. 1983లో వచ్చిన మారుతి 800 మొదలు ఇవాళ్టి చిన్న కార్లదాకా ముందు చక్రాలకు ఎక్కువగా కనిపించేది మెక్‌ఫెర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫెర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు పేరు మీద వచ్చిన ఈ అమరికలో స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకే స్తంభంగా నిలుస్తాయి. స్టీరింగు తిప్పితే ఆ స్తంభం మొత్తం తిరుగుతుంది. అందుకే దాని తలకు, బానెట్ కింద, రబ్బరు మౌంటూ చిన్న బేరింగూ ఉంటాయి. బండి నిలిపి ఉంచి స్టీరింగు మాత్రమే తిప్పినప్పుడు ఖంగుమని మోగితే, చక్రాలు తిరగడం లేదు కాబట్టి చక్రం బేరింగుకు అందులో పాత్ర లేదు. ఒకరు స్టీరింగు తిప్పుతుంటే ఇంకొకరు స్ట్రట్ తలమీద చెయ్యి ఆనిస్తే, తిరగలేక బిగుసుకున్న స్ప్రింగు ఒక్కసారి విడివడ్డ కుదుపు చేతికి తెలుస్తుంది. ఇక లొడలొడమనే చప్పుడు. చాలా కార్లలో ఎడమ, కుడి చక్రాలను కలుపుతూ ఒక యాంటీరోల్ బార్, దాని కొసలకు లింకు రాడ్లు ఉంటాయి. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కిదిగితే ఆ బార్ తన బుష్‌ల్లో తిరిగి ఊరుకుంటుంది, మెలిపడదు. ఒక చక్రమే గోతిలో పడితే మెలిపడి లింకుల్ని గుంజుతుంది. కాబట్టి స్పీడ్ బ్రేకరును తిన్నగా ఎక్కినప్పుడు చప్పుడు లేకుండా, ఒక పక్క గుంతల్లో మాత్రమే టకటకలాడితే లింకు రాడ్లనూ బార్ బుష్‌లనూ చూడాలి. రెండు చక్రాలూ కలిసి దిగినా ధన్‌మంటే షాక్ అబ్జార్బర్, పై మౌంటు, లోయర్ ఆర్మ్ బుష్‌ల వైపు మళ్లాలి. బ్రేకు వేసినప్పుడు ఒకసారి, రివర్సులో కదిలినప్పుడు ఇంకోసారి అదే ధన్‌మనే చప్పుడు వస్తే లోయర్ ఆర్మ్ బుష్ చిరిగి, ఆర్మ్ ముందుకూ వెనక్కూ జరుగుతోందని అనుమానించాలి. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి మెల్లగా కదిలినప్పుడు లయగా కటకట వినిపిస్తే అది యాక్సిల్ చివరి జాయింటు. దాని రబ్బరు బూటు చిరిగి గ్రీజు చక్రం లోపలి వైపు చిమ్మి ఉంటే కళ్లకే సాక్ష్యం దొరుకుతుంది. గుంతల్లో గలగలమనేది బ్రేకు పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించగానే ఆగిపోతే సస్పెన్షన్‌ను వదిలి బ్రేకు ప్యాడ్లను చూడాలి. కిర్రుమనే రబ్బరు బుష్‌ను పట్టడానికి ఒక్కొక్క బుష్ మీద కాసిన్ని నీళ్లు చల్లి కారును చేత్తో ఊపి చూడవచ్చు. ఏది తడిసినప్పుడు ఊరుకుందో అదే. ఇంజన్ ఆయిలు మాత్రం పూయకూడదు, అది రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. ఇవన్నీ మొదలుపెట్టే ముందు డిక్కీలోంచి జాకీ, పానాలు, స్టెప్నీ తీసేసి ఒకసారి నడిపి చూడడం అన్నిటికన్నా తేలికైన పరీక్ష.

దీనికి కొందరు చెప్పే అభ్యంతరాలు తోసిపుచ్చదగ్గవి కావు. ముప్పయ్యేళ్లు షెడ్డులో చేయి తిరిగిన మెకానిక్‌కు చెవి చాలు, ఈ పరీక్షలన్నీ ఎందుకు అంటారు. ఆ చెవిని నేను గౌరవిస్తాను. కానీ ఆ చెవి పనిచేసే తీరు చూడండి. అనుభవజ్ఞుడు కారెక్కి ఒక్క చుట్టు తిప్పేలోపే గేరు మారుస్తాడు, పక్కకు తిప్పుతాడు, బ్రేకు తాకుతాడు, గుంత వెతికి ఒక చక్రాన్ని అందులో దించుతాడు. మనం ఇప్పుడు చెప్పుకున్న ప్రశ్నలనే అతను మాట్లాడకుండా అడుగుతున్నాడు. కారును నడపకుండా, లేపకుండా, నిలబడ్డ చోటినుంచే బేరింగు పోయిందని చెబితే మాత్రం అది ఊహే అవుతుంది. రెండో అభ్యంతరం డబ్బుది. వెతికే కూలికన్నా మొత్తం సెట్టు మార్చేస్తేనే చవక అంటారు. కొంతవరకు నిజం. షాక్ అబ్జార్బర్లను ఎడమ, కుడి కలిపి జతగా మార్చడం సరైన పద్ధతి. కొన్ని కార్లలో లోయర్ ఆర్మ్, బాల్ జాయింటు, బుష్‌లు కలిపి ఒకే భాగంగా వస్తాయి, అక్కడ విడివిడిగా చూసుకునే వీలే లేదు. కానీ హబ్‌లో ప్రెస్ చేసి కూర్చోబెట్టిన బేరింగును బయటికి లాగితే ఆ లాగడంలోనే అది దెబ్బతింటుంది, మళ్లీ వాడలేం. అంటే అనుమానంతో విప్పిన మంచి బేరింగు చెత్తబుట్టకే పోతుంది. దాని స్థానంలో వచ్చిన కొత్తదాన్ని సరిగా బిగించకపోతే ఉన్న మంచి పోయి కొత్త జబ్బు వచ్చి కూర్చుంటుంది. హబ్ గూట్లోకి దించేటప్పుడు బయటి వలయాన్నే నొక్కాలి. లోపలి వలయాన్ని నొక్కితే ఆ బలమంతా గోళీల మీదుగా పోయి గాడిలో నొక్కులు పడతాయి. సుత్తితో కొట్టి ఎక్కించిన బేరింగు మొదటి రోజు నుంచే మోగడానికి కారణం ఇదే.

మూడో అభ్యంతరం ఇంకా లోతైనది. పాత కారులో అన్నీ అరిగే ఉంటాయి, ఎక్కడ చూసినా ఏదో ఒక లోపం దొరుకుతుంది, ఇంత విచారణ దేనికి అంటారు. నా వాదనకు అసలు బలం ఇక్కడే ఉంది. అరిగిన ప్రతి భాగమూ చప్పుడు చెయ్యదు. పగుళ్లు తేలిన రబ్బరు బుష్ ఏ శబ్దమూ లేకుండా ఇంకా పనిచేస్తూ ఉండవచ్చు, పైకి శుభ్రంగా కనిపించే లింకు రాడ్ లోపల ఖాళీ అయి ఉండవచ్చు. కాబట్టి లోపం కనబడగానే చప్పుడుకు కారణం దొరికిందనుకుంటే, చూపుకు ముందుగా దొరికినదానికే శిక్ష పడుతుంది. మనకు కనిపించిన లోపానికీ మనం విన్న చప్పుడుకూ సంబంధం ఉందని చూపించాలి. ఆ భాగాన్ని కదిపితే అదే చప్పుడు రావాలి, లేదా దాన్ని కాసేపు పనిచెయ్యకుండా ఆపితే చప్పుడు పోవాలి. లింకు రాడ్ల మీద అనుమానం ఉంటే మెకానిక్ రెండు పక్కలా వాటిని విప్పి, కొసలు కట్టేసి, షెడ్డు ఆవరణలోనే నడక వేగంతో గుంత దాటించి చూడగలడు. చప్పుడు పోతే నిర్ధారణ అయినట్టే. పోకపోతే రెండు లింకు రాడ్ల ఖర్చు మిగిలినట్టే. నాలుగో మాట, చప్పుడే కదా, పాట పెట్టుకుంటే వినపడదు అన్నది. లింకు రాడ్ కొన్నాళ్లు టకటకలాడినా బండి నడుస్తుంది. బాల్ జాయింటు అలా కాదు. అది ఊడితే చక్రం పక్కకు వాలి స్టీరింగు చేతికి రాదు. పూర్తిగా పాడైన చక్రం బేరింగు విపరీతంగా వేడెక్కి బిగుసుకోవచ్చు, చక్రాన్ని వదులు చెయ్యవచ్చు. నెల రోజులు ఆగగలిగే చప్పుడేదో, ఈరోజే బండి ఆపాల్సిన చప్పుడేదో గట్టిదనాన్నిబట్టి తెలియదు. కారణం తెలిస్తేనే తెలుస్తుంది.

సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఉంటుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేసి ఏళ్లు పొడిగించుకోవాలి. మధ్యతరగతి ఇళ్లల్లో చాలా కార్లు ఆ వయసుకు దగ్గరపడుతున్నాయి, కొన్ని దాటాయి కూడా. వాటిని బాగా చూసుకుంటే ఇంకా ఎన్నో ఏళ్లు క్షేమంగా నడుస్తాయి. అందుకని షెడ్డుకు వెళ్లే ముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాయండి. చప్పుడు ఏ వేగంలో మొదలవుతోంది? తిన్నగా పోతుంటేనా, మలుపులోనా? బ్రేకు, గేరు, స్టీరింగులో దేన్ని తాకితే మారుతోంది? ఒక చక్రం గుంతలో పడితేనా, రెండూ పడితేనా? పక్క సీట్లో ఉన్నవారు ఫోనులో ఆ శబ్దాన్ని రికార్డు చేస్తే మరీ మంచిది. మెకానిక్‌ను కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పండి. ఏ భాగం మార్చాలన్నా, ఆ నిర్ణయానికి ఎలా వచ్చాడో అడగండి, మార్చాక పాత భాగాన్ని చూపించమనండి. మంచి పనివాడికి ఆ ప్రశ్న అవమానంగా అనిపించదు, తన పని విలువ తెలిసిన మనిషి దొరికాడనిపిస్తుంది. చివరగా, మరమ్మతు అయ్యాక మీరు కాగితం మీద రాసుకున్న ఆ వేగంలో, ఆ మలుపులో, ఆ గుంతలోనే మళ్లీ నడిపి చూడండి. అక్కడ చప్పుడు పోతేనే రోగం కుదిరినట్టు. బిల్లు కట్టినంత మాత్రాన కాదు. ఈ పద్ధతికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, ఓపిక, వరస తప్పని ప్రశ్నలు చాలు. అవి మీ డబ్బును కాపాడతాయి, నిజాయితీగా పనిచేసే మెకానిక్ పేరును కాపాడతాయి, ఆ కారులో రోజూ ప్రయాణించే మీ ఇంటివారినీ కాపాడతాయి.